ఒక ఇంటికి ఒక్క జవాబు

మూకుడుకి అంటిన మాడు గీకుతుండగా వెనక నుంచి భర్త గొంతు వినిపించింది. "డెబ్భై ఎనిమిది శాతం. విన్నావా? ఇవాళ రెండు పత్రికలు మా నంబరు వేశాయి." విన్నది. ఊరుకుంటే మళ్ళీ చెబుతాడని తెలుసు కాబట్టి "బాగుంది" అని కూడా అంది. ఆయన తాగిన కప్పు తెచ్చి ఆమె అప్పుడే ఖాళీ చేసిన సింకులో పెట్టి వెళ్ళాడు. ఆయన దృష్టిలో అది కప్పు కడిగినట్టే.

ఆయన పనిచేసేది మార్కెట్ లెక్కలు తీసి అమ్మే సంస్థలో. ఆఫీసుల వెనక గదుల్లో ఆగకుండా నడిచే సర్వర్ల మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత శాతం ఉందో ఏటా ఒక నివేదిక వేస్తారు. ఈ ఏడాది దాని మీద ఆయన పేరుంది. డబ్బిచ్చి కొనేదానికి డెబ్భై ఎనిమిది, ఉచితంగా దొరికేదానికి పద్నాలుగు, చిల్లర మల్లర వాటికి ఎనిమిది. ఆమె వేరే కంపెనీలో సర్వర్లు చూసుకుంటుంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో "మీ దగ్గర ఏది నడుస్తోంది?" అని ఆయన ఒక్కసారీ అడగలేదు. అడగాలని తోచినట్టు కూడా లేదు.

ఆఫీసులో పదిన్నరకి ఆమెను డిపార్ట్‌మెంట్ హెడ్ పిలిచాడు. ఆయన్ని చాటుగా అందరూ సంతకం సార్ అంటారు. కాగితం చదవడం తప్ప కాగితంతో చేయవలసినవన్నీ చేస్తాడు. ఆయన బల్ల మీద ఆ నివేదికే ఉంది, అట్ట మీద ఆమె భర్త పేరుతో సహా.

"చూడమ్మా, లోకం ఎటు పోతోందో ఇందులో ఉంది. పద్నాలుగు శాతం దాటనిదాని కోసం మనం ప్రత్యేకంగా ఓ మనిషిని పెట్టుకోవడం దండగ. రేపు పదింటికి డైరెక్టర్ గారితో మీటింగు. ఆయన సరేనంటే నిన్ను ఫోన్ల దగ్గరికి మారుస్తా. పాస్‌వర్డులు మర్చిపోయినవాళ్ళకి సాయం చేయడం. నీకూ హాయి, ఇంటికి తొందరగా పోవచ్చు."

"సార్, మన నలభై సర్వర్లలో ముప్ఫై ఒకటి ఆ ఉచితం దాని మీదే నడుస్తున్నాయి."

"నలభైకి నలభై కొన్నది నేను కదమ్మా. కాగితాల మీద సంతకం నాదే. ఈ నివేదికవాళ్ళు ఫోన్ చేసినప్పుడు కూడా అదే చెప్పాను, మాదంతా కొన్నదేనని."

కొన్నాడు, కాదనలేదు. కొన్నది వారానికోసారి కూలబడుతుంటే నాలుగేళ్ళ పాటు ఒక్కొక్కటే తీసేసి, ఉచితమైనది ఎక్కించి నిలబెట్టింది ఆమె. ఆ సంగతి మూడుసార్లు ఈమెయిల్లో రాసింది. మూడుసార్లూ "వెరీ గుడ్" అని జవాబొచ్చింది. ఏది వెరీ గుడ్డో ఆయనకిప్పటికీ తెలియదు. ఏడాదిగా సర్వర్లు పడిపోకపోవడం తన కొనుగోలు గొప్పతనమని పై వాళ్ళకి చెప్పి మెప్పు కూడా పొందాడు. సొమ్మొకడిది సోకొకడిది. ఇప్పుడు తను తెలియక చెప్పిన జవాబే అచ్చులో తిరిగొస్తే, అది లోకం మాట అనుకుని ఆమెకే చదివి వినిపిస్తున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఇద్దరు మగవాళ్ళు, ఒకడు అడిగి, ఒకడు చెప్పి, మధ్యలో ఆమె నాలుగేళ్ళ పనిని లేకుండా చేశారు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోనైనా లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు దించి, అత్తగారి వేడినీళ్ళు పొయ్యి మీద పెట్టి, పాప హోంవర్కు పుస్తకం తెరిచి, కూరగాయలు ముందేసుకుని, అప్పుడు భర్తని అడిగింది. ఒక్క వాక్యం రాసిమ్మంది. ఈ శాతాలు జవాబు చెప్పినవాళ్ళు కొన్నవాటి లెక్కే గానీ, నడుస్తున్నవాటి లెక్క కాకపోవచ్చు అని. ఆ ముక్క ఉంటే రేపటి మీటింగులో ఆమె నోటికి బలం ఉంటుంది.

"నా నివేదిక తప్పని నేనే రాసివ్వాలా?"

"తప్పనొద్దు. దేన్ని లెక్కపెట్టారో చెప్పండి చాలు. మీరడిగింది కొన్నవాళ్ళని. నడిపేవాళ్ళని అడగలేదు."

"పద్ధతంటూ ఒకటుంటుంది. ఒక సంస్థకి ఒక్క జవాబు, బాధ్యత గల స్థానంలో ఉన్నవాళ్ళది. ప్రతి గుమస్తానీ అడుగుతూ కూర్చుంటే లెక్క తెమలదు."

"నేను గుమస్తానా?"

"మాటవరసకన్నాను."

"ఉచితమైనదాన్ని ఒకసారి తెచ్చుకుని వంద యంత్రాల్లో పెట్టుకోవచ్చు. దానికి రసీదుండదు. రసీదు లేనిది మీ లెక్కలోకి ఎలా వస్తుంది?"

"అందుకేగా ఫోన్ చేసి అడిగేది."

"ఎవర్ని? రసీదు మీద సంతకం పెట్టినవాణ్ణి."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయనకి అర్థమైందని ఆమెకు తెలిసిపోయింది. అర్థమైన తర్వాతే మనిషికి కోపం వచ్చింది. "కోడిగుడ్డుకి ఈకలు పీకకు. తొమ్మిది వందల సంస్థల్ని అడిగాం. ఒక్కడు పొరపాటు చెబితే నంబరు కదలదు."

"తొమ్మిది వందల మందీ మా సారు లాంటివాళ్ళే అయితే?"

సోఫాలోంచి అత్తగారు అందుకుంది. "వాడు చెప్పింది పత్రికలవాళ్ళు ఊరికే వేసుకున్నారా? పగలంతా బయట తల పగలగొట్టుకుని ఇంటికొస్తే ఇక్కడ కూడా పరీక్ష పెట్టాలా?"

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఆ మూడింటికీ తల్లి సాక్ష్యం. ఈ ఇంట్లో వాదన ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది. ఆమె ఉద్యోగం "కాలక్షేపం" అని అత్తగారు పొరుగావిడతో అన్నప్పుడు, జ్వరంతో పడుకున్న మూడు రోజులూ "ఇల్లు తేలిగ్గానే నడిచిందిలే" అని భర్త అన్నప్పుడు (హోటల్ నుంచి వచ్చిన డబ్బాలు తలుపు వెనక గుట్టపడి ఉండగానే), ఆమె ఇప్పటిలాగే చేతిలో పని మీదికి తల దించుకుంది. పోనీ, ఫోన్ల దగ్గర కూర్చుంటే మాత్రం ప్రాణం పోతుందా అనుకుంది. అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు ఫోన్ మోగింది. భర్తదే. ఎవరో సర్వే చేస్తున్నారు. సర్వేవాళ్ళంటే ఆయనకి కులం వాళ్ళంత అభిమానం, స్పీకర్ పెట్టి మరీ మాట్లాడతాడు. అవతల చిన్న వయసు ఆడపిల్ల గొంతు. "ఇంటి పెద్ద మీరేనా సార్? ఇంటి పని ఎవరెంత చేస్తారో తెలుసుకుంటున్నాం. నాలుగే ప్రశ్నలు."

"అడగమ్మా."

"వంట, గిన్నెలు?"

"కలిసే చేసుకుంటాం."

"పిల్లల పనులు?"

"పాప చదువు నాది. తతిమ్మావి ఆవిడ చూస్తుంది."

హోంవర్కు రాస్తున్న పాప పెన్సిల్ ఆపి నాన్న వైపు చూసింది.

"పెద్దవాళ్ళ సంరక్షణ?"

"మా అమ్మ నా దగ్గరే ఉంటుంది."

"మొత్తం మీద మీ వాటా ఎంత శాతం వేసుకోమంటారు?"

"యాభై," అన్నాడాయన. వెంటనే సర్దుకుని, "నలభై ఆరు వేసుకో" అన్నాడు. సరిగ్గా యాభై అంటే జనం నమ్మరని ఆయనకి వృత్తి నేర్పింది.

ఆమె కత్తి కింద పెట్టి లేచింది. తడి చేత్తోనే ఫోన్ లాక్కుంది. "అమ్మా, ఆ నలభై ఆరు కొట్టెయ్. ఆ పని చేసేది నేను. నేను చెబుతా, రాసుకో."

"సారీ మేడమ్. ఒక ఇంటికి ఒక్క జవాబే తీసుకుంటాం. సార్‌ది ఎక్కిపోయింది." ఆ పిల్ల మర్యాదగానే థాంక్స్ చెప్పి పెట్టేసింది.

భర్త ఫోన్ తీసుకుని, తెర మీది తడి చొక్కాకి తుడుచుకుని, నవ్వబోయాడు. "పోనిద్దూ. ఆ లెక్కలు నిజంగా ఎవరు నమ్ముతారు?"

ఆ మాటతో తను ఏమన్నాడో ఆయనకి తెలియదు. ఆమెకు మాత్రం పదకొండేళ్ళ బరువు ఒక్కసారిగా పక్కకి జరిగినట్టయింది. కోపం చల్లారలేదు, కుదురుకుంది.

"నేను నమ్మాను. రేపు పొద్దున నలభై ఆరు శాతం పని మీది. ఏవి కావాలో మీరే ఏరుకోండి. నేను ఏడింటికల్లా వెళ్ళిపోతాను."

"మరి నా వేణ్ణీళ్ళెవరు పెడతారే?" అంది అత్తగారు.

"మీరు మీ అబ్బాయి దగ్గరే ఉంటున్నారటగా అత్తయ్యా."

కూరగాయలు అలాగే వదిలేసి ల్యాప్‌టాప్ తెరిచింది. నెలకోసారి సర్వర్లను పావుగంట ఆపి తనిఖీ చేయాలి. ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం ఆమెదే. ఎవరి పనీ చెడకూడదని ఇన్నేళ్ళూ ఆదివారం తెల్లవారుజామునే వెళ్ళి, ఎవరికీ తెలియకుండా ముగించుకుని, వంట వేళకి ఇంటికొచ్చేది. అందుకేనేమో ఆ సర్వర్లున్నాయనీ, వాటికో మనిషుందనీ ఎవరికీ తెలియకుండా పోయింది. సంతకం సార్ నుంచి డైరెక్టర్ దాకా ఆఫీసులో అందరి చిరునామాలూ పెట్టింది. కింద ముప్ఫై ఒక్క సర్వర్ల జాబితా అతికించింది. పైన రాసింది:

"నెలవారీ తనిఖీ కోసం ఈ కింది సర్వర్లు రేపు ఉదయం పది గంటల నుంచి పదింబావు వరకు ఆగిపోతాయి. డిపార్ట్‌మెంట్ హెడ్ గారు సర్వేకి ఇచ్చిన జవాబు ప్రకారం ఇవి మన దగ్గర లేవు. కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు."