కాలువలో కడిగిన కారు

వేగం అరవై దాటితే చాలు, కారు స్టీరింగు గజగజ వణికేది. నెల్లాళ్లుగా ఆ నింద చంద్రకళ నెత్తినే ఉంది. యాభై రెండేళ్లకు డ్రైవింగు నేర్చుకుని, వట్లూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా తనే నడుపుకుంటూ వెళ్లి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతున్న మనిషి. ఆ ఇంట్లో కారుకేదైనా అయితే తప్పు ఎవరిది? ఇంకెవరిది!

"గుంటలు చూసుకోకుండా తోలితే ఇంతే మరి" అని తేల్చేశాడు మొగుడు భాస్కరరావు. "అమ్మేద్దాం. పాత కార్లు కొనే అప్పారావుగారు కైకలూరు నుంచి ఇవాళ పదింటికి వస్తానన్నారు."

కారు పోతే గూడెం పాఠాలూ పోయినట్టే. చంద్రకళకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

భాస్కరరావు చెడ్డవాడేం కాదు. వరి పండించడంలో ఆయనకు సాటి లేరు. కాకపోతే చక్రాలున్న ప్రతిదీ ఆయన దృష్టిలో ట్రాక్టరే. వారానికోసారి కారును పొలం పక్క కాలువ రేవులోకి దించి, చక్రాలు సగం మునిగేలా నిలబెట్టి, పైకి కనిపించినంత మేర గడ్డితో తోమి, మెరిసిపోతోందని మురిసిపోతూ ఇంటికి తెచ్చేవాడు.

అమ్మేసే బండినైనా మురికిగా అప్పగించడం చంద్రకళకు ఇష్టం లేదు. ఆ పొద్దున్నే బకెట్టులో షాంపూ నీళ్లు కలిపి, బీరపీచు పట్టుకుని ముందు చక్రం దగ్గర కూర్చుంది. రిము సందులోంచి చెయ్యి లోపలికి పోనిస్తే గట్టిగా ఏదో తగిలింది. గోటితో గీకింది. నల్లమట్టి.

స్టెపినీ మార్చడం డ్రైవింగు స్కూల్లో నేర్పారు. హ్యాండ్‌బ్రేకు వేసి, మిగతా చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, నట్లు కాస్త వదులుచేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తింది. ఊడదీసిన చక్రాన్ని వెనక్కి తిప్పి చూసేసరికి ఒళ్లు మండిపోయింది. లోపలివైపు ఒక పక్క రెండు వేళ్ల మందాన మట్టి ఎండి అతుక్కుపోయి ఉంది. రెండో పక్క ఖాళీ. అలా ఒకవైపే బరువుంటే చక్రం తిన్నగా ఎలా తిరుగుతుంది?

ఇనుప ముక్కతో గీకితే గీతలు పడతాయని వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చింది. నీళ్లు పోసి నానబెట్టి, పెళ్లలు పెళ్లలుగా ఊడదీసింది. బ్యాలెన్సు కోసం అంటించిన చిన్న సీసం ముక్కల జోలికి మాత్రం పోలేదు. మట్టిలోంచి నాచు వచ్చింది, దాంతోపాటు నత్తగుల్లలు.

"ఏవండీ, రోడ్డు గుంటల్లో నత్తలుంటాయా అండీ?" అంది, అప్పుడే బయటికొచ్చిన మొగుడితో.

భాస్కరరావు ఒక గుల్ల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కాలువలోది" అని గొణిగాడు. లుంగీ ఎగ్గట్టి నీళ్ల పైపు అందుకున్నాడు. మిగతా మూడు చక్రాలనూ ఒక్కొక్కటిగా ఊడదీశారు; ఆయన నీళ్లు పట్టాడు, ఆవిడ తోమింది. పొడిగుడ్డతో తుడిచి, నట్లు ఎదురెదురుగా బిగించి లేచేసరికి అప్పారావు రానే వచ్చాడు.

"నడిపి చూపిస్తారాండీ?" అన్నాడాయన. చంద్రకళ స్టీరింగు దగ్గర కూర్చుంది. అప్పారావు పక్కన, భాస్కరరావు వెనక.

హైవే ఎక్కారు. యాభై. అరవై. చంద్రకళ యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కింది. అరవై అయిదు. నాలుగో గేరులో డెబ్బై. స్టీరింగు ఇసుమంతైనా కదల్లేదు. ఆనందం పట్టలేక గట్టిగా కేక వేసింది. అప్పారావు ఉలిక్కిపడి సీటు పట్టుకున్నాడు.

"బండి భేషుగ్గా ఉందిగా! వణుకుతుందన్నారేంటండీ? ఎవరో చెడగొట్టారన్నారు?"

"నేనేనండీ" అన్నాడు వెనక నుంచి భాస్కరరావు. "ఆవిడ నడిపి కాదండీ, నేను కడిగి."

"అయితే బేరం చెప్పండి, తీసేసుకుంటాను."

"బండి ఆవిడదండీ. ఆవిణ్ణే అడగండి."

అప్పారావు ఇటు తిరిగాడు.

"ఇవ్వనండీ" అని చంద్రకళ అయిదో గేరు వేసింది.