ముప్పై ఒక్క పూతలు

బైరాగి వేపపుల్లతో డబ్బాలోని ఆకుపచ్చ రంగు కలుపుతూ, మధ్యమధ్య ఆగి తలుపు గడియ వైపు చూస్తున్నాడు. గడియ వేసే ఉంది. లోపలికి రాగానే వేశాడు, రంగు మూత తీసేముందు ఇంకోసారి చూసుకున్నాడు. అయినా చూస్తున్నాడు. బయట గంగ ఒడ్డు గార్డెన్ రీచ్ పేటలో మేడల మీద గాలిపటాలు ఎగరేసేవాళ్లు ఎవరి దారమో తెగినప్పుడల్లా "భో కాట్టా" అని గోల చేస్తున్నారు. విశ్వకర్మ పూజ నాడు ఏటేటా ఉండే గోలే అది. ఏటేటా అతను ఉలిక్కిపడుతూనే ఉన్నాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. కార్పొరేషన్ పార్కులో గడ్డి కోసే మజ్దూరు. గొంతుక్కూర్చుని కోసీ కోసీ మోకాళ్లు నల్లగా కాయలు కాశాయి. కొడవలి పట్టే భుజం రెండో దానికన్నా వాలిపోయింది. వెనకనుంచి ఎవరో పిలవబోతున్నట్టు మెడ ఎప్పుడూ భుజాల్లోకి ముడుచుకునే ఉంటుంది. రిటైర్ కావడానికి ఇంకా నాలుగు నెలలుంది.

ఎదురుగా, గోనెపట్టాలు తీసేసిన చోట, ఎదిగీ ఎదగని గేదెదూడంత ట్రాక్టర్. పొలం దున్నేది కాదు, బంగళాల ముందు పచ్చికలో గడ్డికోత చక్రాలను లాగే తోట బండి. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక రెండు పెద్దవి, చిల్లుల ఇనప సీటు. ఈ రోజున ఊరంతా తమ తమ యంత్రాలను కడిగి, తుడిచి, బొట్టు పెడతారు. ఈ ఒక్క యంత్రం మాత్రం ఏడాదికొక పూత చొప్పున రంగులోకి కూరుకుపోతూ వచ్చింది.

బైరాగి తండ్రి గవరయ్య, గంగకు దిగువనున్న బడ్జ్ బడ్జ్ ఊళ్లో ఒక జూట్ మిల్లు దొరలకు హెడ్ మాలీగా చేశాడు. బైరాగి కూడా ఇరవయ్యో ఏటినుంచి ఆ పచ్చికల మీద ఈ బండి తోలాడు. 1958లో ఆఖరి దొర ఓడెక్కే ముందు రోజు గవరయ్యను పిలిచి, సీటు మీద తట్టి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, బండి తీసుకుపొమ్మని సైగ చేశాడు. సీటు కింద ఎడమ పక్క కొత్తగా ఒక ఇత్తడి బిళ్ల మెరుస్తోంది. మిల్లులో పారకూ బొక్కెనకూ కత్తెరకూ కూడా ఇత్తడి బిళ్ల ఉండేది. సాయంత్రం గేటు కాసే దర్వాన్లు ఆ బిళ్లలు చూసి సామాను లోపలికి తీసుకునేవారు. ఒకటి కనిపించకపోతే ఆ మాలీ వీపు చిట్లేది.

నెల తిరక్కుండా మిల్లు కొన్న కొత్త యజమాని మనుషులు జాబితా పట్టుకుని మాలీల ఇళ్లు సోదా చేయడం మొదలుపెట్టారు. గవరయ్య లెక్క వేసుకున్నాడు. దొర లేడు, కాగితం లేదు, బిళ్ల మాత్రం ఉంది. దాన్ని ఊడబీకితే దొంగతనం ఒప్పుకున్నట్టే. ఎవరి చేతనైనా చదివిద్దామంటే ఆ చదివినవాడికి తెలిసిపోతుంది. తండ్రీకొడుకులు బండిని ఊడదీసి, గడ్డిపడవలో గడ్డి కింద దాచి, గంగ మీద గార్డెన్ రీచ్ చేరారు. చేరిన రోజే గవరయ్య బిళ్ల మీద తారు మెత్తాడు. దాని మీద రంగు వేశాడు. ప్రతి విశ్వకర్మ పూజకీ పైన ఇంకో పూత. పోయేముందు కొడుక్కి చెప్పింది ఒకటే, బిళ్ల బయట పడనీయొద్దని.

బైరాగికి దక్కిన ఆస్తి ఆ బండీ, ఆ భయమూ. పార్కుకు మొదటిసారి గడ్డికోత మోటారు వచ్చినప్పుడు, నడపడం ఎవరికొచ్చని ఓవర్సీరు అడిగితే ఏమీ రానివాళ్లు ఇద్దరు చేతులెత్తారు. బైరాగి నేల చూపులు చూశాడు. వచ్చంటే ఎక్కడ నేర్చావని అడుగుతారు. వాళ్లు మోటారెక్కారు, ఇతను కొడవలితోనే మిగిలాడు. యూనియన్ ఊరేగింపుల్లో ముందూ నడవలేదు, వెనకా నడవలేదు. పోలీసు వ్యాను కనిపిస్తే చెప్పు తెగినట్టు వంగేవాడు. బావమరిది పెళ్లి బడ్జ్ బడ్జ్‌లో అయితే జ్వరమని పడుకున్నాడు. తోటివాళ్లు పిరికిగొడ్డన్నారు. నిజమే, పిరికివాడే. అంత భయాన్ని కడుపులో పెట్టుకుని ముప్పై ఏళ్లు ఒక్క రోజు పని మానని పిరికివాడు, అది మాత్రం ఎవరికీ కనిపించలేదు.

ఇప్పుడు కార్పొరేషన్ వాళ్లు క్వార్టర్ల వెనక షెడ్లన్నీ పడగొడతామని నోటీసు అంటించారు. గడువు రేపు పొద్దున. నోటీసు చూసిన వారమే బైరాగి జానకిరామ్ దగ్గర నోరు విప్పాడు. జానకిరామ్‌ది రాజమండ్రి, ఇక్కడ బ్యాంకులో ఆఫీసరు. అతని కుండీల్లో మట్టి మార్చడానికి వెళ్లినప్పుడు, అతను తుక్కు స్కూటరుకు ప్రాణం పోయడం బైరాగి కళ్లారా చూశాడు. బండి తనంత తాను కదిలితే చాలు, ఎటైనా తీసుకుపోవచ్చు.

ఆరు ఆదివారాలు జానకిరామ్ షెడ్డులోనే ఉన్నాడు. బిగుసుకుపోయిన ఇంజనులో కిరసనాయిలు పోసి వదిలించాడు. ట్యాంకులో గులకరాళ్లు వేసి ఊపి తుప్పు రాల్చాడు. ఫుట్‌పాత్ మీద ఒక పాత కేటలాగు సంపాదించి, చక్రాలూ ఇంజను మీది గాడులూ పోల్చి చూసి, యుద్ధం తర్వాత ఇంగ్లండులో తయారైనదని తేల్చాడు. ఏ ఏడాదిదో తేలాలంటే ఫ్రేము మీది నంబరు కావాలి. అది సీటు కింద ఎడమ పక్క ఉంటుందని కేటలాగులో బొమ్మ ఉంది. ఆ పక్క చెయ్యి పెట్టనని మొదటి రోజే బైరాగి అతని చేత ఒట్టు వేయించుకున్నాడు.

తలుపు చప్పుడైంది. బైరాగి చేతిలోంచి పుల్ల జారి రంగు పాదాల మీద పడింది.

"నేనే, బైరాగీ."

బైరాగి గడియ తీశాడు. జానకిరామ్ పెట్రోలు డబ్బాతో లోపలికొచ్చి, రంగునూ కుంచెనూ చూసి తల పట్టుకున్నాడు.

"మళ్లీ పూత వేస్తున్నావా? రేపు ఇది రోడ్డెక్కాలి. ఎవరైనా ఆపి ఎవరిది, నంబరెంత అంటే ఏం చెబుతావు? ఆ పక్క నన్ను గీకనీ."

"ఒద్దు బాబూ." బైరాగి బండికి అడ్డం వచ్చాడు. "ఆడ మిల్లు బిల్ల ఉన్నాది. మా అయ్య దొంగని రాసున్నట్టే గదా. ఇప్పుడు కేసంటే పెన్సను నేదు, గదీ నేదు. నాలుగు నెల్లు బాబూ. దీన్నేసుకోని నానేటి గంగలో దూకీదా?"

దీన్ని అంటే వెనక టీ గ్లాసులతో నిలబడ్డ భార్య గురవమ్మని. ఆమె ఈ మాట మొదటిసారి విన్నది. గ్లాసులు కింద పెట్టింది.

"నాను కాపరానికొచ్చి ఇరవై తొమ్మిదేల్లు. ఒచ్చిన కాణ్నుంచి ఈ తలుపు మూసే ఉన్నాది, నువ్వూ మూసే ఉన్నావు. ఇదేటో అనుకున్నాను గానీ... గీకించయ్యా. జేలంటే జేలు. కేరేజీ నాను అట్టుకొస్తాను."

బైరాగి కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రేకుతో గీకే చప్పుడు. ముప్పై ఒక్క పూతల రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. పార్కు బెంచీల పచ్చ, వంతెనల బూడిద, ఏదో పడవకు వేయగా మిగిలిన నీలం, తండ్రికో కొడుక్కో ఏ ఏడు ఏది దొరికితే అది. ఆఖరున తారు. జానకిరామ్ కిరసనాయిలు గుడ్డతో రుద్ది, ఆగిపోయాడు. బైరాగి గోడవైపే ఉండి అడిగాడు.

"ఏటి రాసున్నాది బాబూ?"

జానకిరామ్ ముందు ఇంగ్లీషులో గొణుక్కుని, తర్వాత తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "'హెడ్ మాలీ గవరయ్యకు, ఇరవై రెండేళ్లు మా పచ్చికలను చూసుకున్నందుకు కృతజ్ఞతతో ఇచ్చినది. 1958.' ఇది మిల్లు బిళ్ల కాదు బైరాగీ. బండి మీ నాన్నదేనని దొర చెక్కించి ఇచ్చిన బిళ్ల."

"మల్లీ సెప్పండి."

మూడుసార్లు చెప్పించుకున్నాడు. తండ్రి పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. ఆ అక్షరాల మీద తన వేలు ఉంచి, తీయలేదు.

"మరైతే ఇన్నాల్లూ దేనికి బయపడినాం బాబూ?"

బైరాగికి ముందు తండ్రి మీద కోపం వచ్చింది, ఒళ్లు మండేంత కోపం. తర్వాత గడ్డిపడవలో తన సొంత బహుమానాన్ని గడ్డి కింద దాచుకుని, దాని మీద పడుకుని దగ్గు బిగబట్టుకున్న ముసలాయన గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే తలుపు వైపు చూశాడు. అలవాటు అంత తొందరగా పోదు.

కళ్లు తుడుచుకుని పెట్రోలు తనే పోశాడు. ఇంజను చక్రానికి తాడు చుట్టి లాగాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి ఎడమచేత్తో ఏదో చిన్న మీట సర్ది లాగితే అందుకుంది. షెడ్డంతా పొగ.

"నీకు నడపడం వచ్చా!" అని జానకిరామ్ నోరెళ్లబెట్టాడు.

"ఏడేల్లు తోలినాను బాబూ," అన్నాడు బైరాగి. ఆ మాట గట్టిగా చెప్పడం అదే మొదలు.

రెండు తలుపులూ తనే బార్లా తీశాడు. సీటెక్కి, మనిషి నడకంత వేగంతో వీధి మధ్యకు తోలి, గేరు తప్పించి ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. మేడల మీదివాళ్లు దారాలు వదిలి కిందకు చూశారు. బైరాగి ఎండలో, అందరి ఎదుటా, మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఛాతీ ఒకసారి చేత్తో రాసుకున్నాడు. జానకిరామ్ వంగి ఫ్రేము మీది నంబరు రాసుకుంటున్నాడు. గురవమ్మ బొట్టు పెట్టడానికి కుంకం కోసం ఇంట్లోకి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చి బండికి బొట్టు పెట్టి, "ఇక దిగు, టీ సల్లారిపోనాది," అంది. అతని భుజాలు ఇంజనుతో పాటు అదురుతున్నాయి, చేతులు స్టీరింగు మీద అదురుతున్నాయి, అందుకని ఎవరికీ తెలియలేదు. రెండోసారి పిలిచి, చెయ్యి పట్టుకుంది. వదిలితే ఆ చెయ్యి జారి అతని ఒళ్లో పడింది.

మనుషులు పరుగెత్తుకొచ్చారు. దించి అరుగు మీద పడుకోబెట్టేసరికే ఊపిరి లేదు. జానకిరామ్ ఇంజను ఆపడానికి పెట్రోలు కుళాయి మీద చెయ్యి వేస్తే గురవమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఉండనీండి బాబూ. ఆడు ఆపనేదు గదా."

పోసిన పెట్రోలు అయిపోయేదాకా, ఖాళీ సీటుతో, వీధి మధ్యలో ఆ బండి కొట్టుకుంటూనే ఉంది.