కెప్టెన్ అడిగిన పేరు

బంజుల్‌లో తెల్లారిందంటే మురుగు కంపే. సముద్రం పోటెత్తినప్పుడల్లా కాలువలు వెనక్కి పొంగి వాకిళ్లలోకొస్తాయి. మడ అడవి నరికి ఈ బురద దీవి మీద ఊరు కట్టిన దొరలు పోయారు, కాలువలు మిగిలాయి. ఆ కాలువల్లోంచి కెప్టెన్ హార్లో కూడా వస్తూనే ఉన్నాడు.

చచ్చి ఎన్ని తరాలైందో! ఎవరింట్లో బిడ్డకి పేరు పెడుతున్నా బూట్లలోంచి నల్లనీళ్లు కారుస్తూ దిగబడతాడు. "ఊరు కట్టింది నేను. బిడ్డకి నా పేరు పెట్టండి" అంటాడు. వచ్చిన పెద్దమనిషిని కాదనడం ఇక్కడి మర్యాద కాదు, పెట్టేవాళ్లు. పేరిచ్చినవాడికీ పెట్టుకున్నవాడికీ ప్రాణం ఒకటేనంటారు. ఆ పేరు పడ్డ బిడ్డ ఒళ్లు చచ్చేదాకా మురుగు కంపు కొట్టేది. ఎంత తోమినా పోయేది కాదు, పిల్లనిచ్చేవాళ్లూ ఉండేవాళ్లు కాదు.

ఈసారి న్యీమా మనవడి వంతు. చేపలు పొగబెట్టి బతికే మనిషి, ఏ వాసనకీ ముక్కు మూసుకోదు. కెప్టెన్ వాసన మాత్రం ఆమె కూడా భరించలేదు.

పొద్దున్నే కెప్టెన్ వచ్చి మంచి కుర్చీలో కూచున్నాడు. పేరు పెట్టేరోజు చుట్టాలకి పంచే కోలా గింజ నమిలి చాప మీద ఉమ్మాడు.

"ఛీ! వీడి మొహం మండ!" అంది న్యీమా.

"ఊరుకో వదినా, పెద్దాయన వింటాడు," అన్నాడు మరిది ఉస్మాన్, కత్తి నూరుతూ.

"విననీ! ఊరంతా కుళ్లబెట్టింది చాలక పసిగుడ్డు మీద పడ్డాడు."

"అత్తా, నా బిడ్డ..." అంటూ కోడలు కుంబా ఏడుపు మొదలెట్టింది.

బిడ్డ తల గొరిగారు. ఇక ఇమాము చెవిలో పేరు చెప్పి పైకి చదవాలి, అదే క్షణాన వాకిట్లో పొట్టేలు తెగాలి. ఇమాము నోరు తెరవకముందే న్యీమా పొట్టేలు దగ్గరికి పోయి, దాని చెవి పట్టుకుని "హార్లో!" అని వీధంతా వినబడేలా అరిచింది.

"అడిగావుగా, పెట్టాం. ఇదీ మా ఇంట్లో పెరిగిన బిడ్డే. కొయ్యి ఉస్మాన్!"

కెప్టెన్ లేవబోయాడు. ఈలోగా కత్తి ఆడింది. కుర్చీలో తడి ఉంది, మనిషి లేడు. ఇమాము గొంతు సవరించుకుని, బిడ్డకి వాళ్ల తాత పేరు సానా అని చదివాడు.

మధ్యాహ్నం అన్నంలోకి వండిన మాంసం గుప్పున మురుగు కంపు కొట్టింది. చుట్టాలంతా ముక్కులు మూసుకున్నారు.

"పారేద్దాం వదినా."

"ఎక్కడ పారేస్తావ్? ఆ కాలువలోనేగా! మళ్లీ లేచొస్తాడు. తినండి."

న్యీమా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. డోకొచ్చింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నమిలి మింగింది. ఒకరి తర్వాత ఒకరు పళ్లెంలో చెయ్యి పెట్టారు. ఎముకలు కూడా మిగల్చలేదు.

చెయ్యి కడుక్కుని ఆమె మనవణ్ణి ఎత్తుకుంది, భయపడుతూనే వాడి బోడితల వాసన చూసింది. పాల వాసన.