ఐదు నెలల వదులు

బట్టలు కుట్టేవాళ్లలో రెండు రకాలుంటారు. కొలతకు సరిగ్గా కత్తిరించి చేతులు దులుపుకునేవాళ్లు కొందరు. ఎదిగే పిల్ల కదా, ఏడాది తిరిగేసరికి పొట్టిదైపోతుందని అంచు లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి వదిలేవాళ్లు ఇంకొందరు. మన కుట్టుమనిషి రెండో రకం. గౌను అయినా, దిండు గలీబు అయినా, బస్సుకు బయల్దేరే వేళ అయినా ఆమె కాస్త వదులు వదలాల్సిందే. ఆ అలవాటే చివరికి ఆమె కొంప ముంచబోయింది.

ఆమెకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బుడ్డి అని పిలిచేది. ఇప్పుడు తల్లి కంటే జానెడు ఎత్తున్నా పిలుపు మాత్రం మారలేదు. నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది, రెండు నెలల్లో చేరాలి. అలాంటి పిల్ల బుద్ధి గడ్డి తిని, వీధి మలుపులోని పెద్ద షాపులో రెండు లిప్‌స్టిక్కులు, ఒక సెంటు సీసా సంచిలో వేసుకుని గుమ్మం దాటబోతూ అడ్డంగా దొరికిపోయింది. తల్లి పరుగున వెళ్లి కాళ్లావేళ్లా పడింది. ఎవరు దొరికినా కేసు పెట్టడమే మా పద్ధతి అన్నారు షాపువాళ్లు. సరుకు వాళ్లది, పద్ధతీ వాళ్లదే, కాదనడానికి మనమెవరం?

"ఎందుకు తీశావే?" అని తల్లి అడిగితే "ఊరికే" అంది బుడ్డి. ఇరవైసార్లు అడిగినా అదే జవాబు. పైగా, "ఒక్కసారికే ఇంత రాద్ధాంతమా?" అని ముఖం తిప్పుకుంది. తల్లికి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ అంత ఎత్తున్న పిల్లను కొట్టాలంటే ముందు కుర్చీ వేసుకోవాలి.

ఫీజు లేకుండా కేసులు చూసే వకీలమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ఇరుకు గది, ఇనప బీరువా, చల్లారిపోయిన టీ. వకీలమ్మ కాగితాలన్నీ తిరగేసి కళ్లజోడు తీసింది.

"చూడండమ్మా, పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన తప్పయితే పిల్లల కోర్టుకి వెళ్తుంది. మందలిస్తారు, ఏదో పని చేయిస్తారు, అది పూర్తయ్యాక ఫైలు మూసేస్తారు. తర్వాత దాన్ని ఎవరూ తెరవడానికి లేదు. నిండాక చేస్తే మాత్రం పెద్దల కోర్టే. రుజువైతే రికార్డులో ఉండిపోతుంది. కాలేజీవాళ్లు పోలీసుల కాగితం అడుగుతారు, అక్కడ బయటపడుతుంది."

"మా పిల్లది పిల్లల కోర్టేగా, మేడమ్?"

"స్కూలు సర్టిఫికెట్ ప్రకారం ఆ రోజుకి పద్దెనిమిది నిండి పదకొండు రోజులయింది."

తల్లి పైటకొంగు మెలితిప్పి, మెల్లగా నోరు విప్పింది.

"మేడమ్, ఎవరైనా పిల్లని బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ కొంచెం అటూ ఇటూగా రాయించారనుకోండి. వాళ్లని లోపల వేస్తారా?"

"ఎవరైనా అంటే?"

"ఎవరో లెండి, తెలిసినవాళ్లు."

వకీలమ్మ కలం కింద పెట్టింది. "ఆ తెలిసినవాళ్లు ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నారా?"

తల్లి తల వంచుకుంది. బుడ్డి మాత్రం కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. "అంటే నాకు ఇంకా పదిహేడేనా?"

"పదిహేడేళ్ల ఏడు నెలలు."

"మరి మొన్న కోసిన కేకు?"

"నోర్ముయ్. బడిలో నోరు జారతావని ఇంట్లోనూ ఆ తేదీకే చేస్తూ వచ్చాను."

వకీలమ్మకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆసుపత్రి రిజిస్టరు నకలు కావాలంది. తప్పు రాయించింది తానేనని తల్లి కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలంది. "మిమ్మల్ని ఏమీ అనరని మాత్రం నేను మాటివ్వలేను" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆసుపత్రి పాత కాగితాల గదిలో గుమాస్తా రెండు రోజులు తుమ్ముతూ వెతికాడు. మూడో రోజు దొరికింది. తల్లి పేరు, తేదీ, ఆడపిల్ల, రెండున్నర కిలోలు. ఆ ఒక్క వరుస చూసి తల్లి గుమాస్తాకు దండం పెట్టబోయింది. ఆయన మళ్లీ తుమ్మి, సంతకం చేయమన్నాడు.

పిల్లల కోర్టు అంటే ఏదో అనుకుంది గానీ, అదొక పొడవాటి బల్ల ఉన్న మామూలు గది. మేజిస్ట్రేటు పెద్దాయన. రిజిస్టరు నకలు చూసి తల్లిని లేవమన్నాడు. ఆమె లేచి బల్ల అంచు పట్టుకుంది. మాట మాత్రం తడబడలేదు.

"తప్పు రాయించింది నేనేనయ్యా. ఐదేళ్లు నిండనిదే బడిలో చేర్చుకోమన్నారు. అప్పుడే నాకు కుట్టు ఫ్యాక్టరీలో పని దొరికింది. పిల్లని చూసే దిక్కు లేదు. పుట్టిన కాగితం పోయిందని అబద్ధమాడి ఐదు నెలలు పెంచి చెప్పాను. ఎదిగే పిల్లే కదా, సర్దుకుపోతుందనుకున్నాను."

"సర్దుకుపోయిందా?"

"ఇదిగో, ఇక్కడిదాకా తెచ్చిందయ్యా."

ఆయన పెదవి కొంచెం కదిలింది. నకలును మరోసారి వెలుతురులో పెట్టి చూశాడు. ఇది పిల్లల కేసేనని రాసుకున్నాడు. షాపువాళ్లకు క్షమాపణ ఉత్తరం, పన్నెండు శనివారాలు ముసలివాళ్ల ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టడం, అంతటితో ఫైలు మూత. తల్లి వైపు తిరిగి, నెల లోపల స్కూలు తేదీ సరిచేయించమన్నాడు. "కుట్టేవారు కదమ్మా, వదులు గుడ్డకే వదలండి, కాగితాలకి వద్దు" అన్నాడు. అంతే. లోపల వేయలేదు, జరిమానా లేదు. పీడకలలోంచి మేలుకున్నట్టయింది ఆమెకు.

బయట మెట్ల పక్క బల్ల మీద కూలబడి ఎన్నాళ్లకో గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. సీటు నిలిచింది, పిల్ల నిలిచింది, తనూ ఇంటికి పోతోంది. ఇంకేం కావాలి? ఆనందం పట్టలేక పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని ఆయనకు కూడా చెప్పబోయి ఆగింది.

బుడ్డి కూర్చోలేదు. ఎదురుగా నిలబడి చెప్పు కొనతో నేల గీస్తోంది.

"నిన్ను లోపల వేస్తారేమోనని తెలిసే చెప్పావా?"

"చెప్పకపోతే ఆ మచ్చ జన్మంతా నీకుండేది కదే."

పోలీసుల ముందు కూడా రాని ఏడుపు ఇప్పుడు బుడ్డికి ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"అమ్మా, అది మొదటిసారి కాదు. మూడోసారి. రెండుసార్లు ఎవరూ చూడలేదు. అవి నా పరుపు కింద ఉన్నాయి. దొరక్కపోతే ఇంకా తీసేదాన్నే. తీస్తుంటే భయంగా ఉండేది, బయటికొచ్చాక గొప్పగా ఉండేది. అందుకే తీశాను."

తల్లి ఒంట్లో సెగ పుట్టింది, చెయ్యి లేచింది. లేచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఈ పిల్ల ఇంకో ఐదు నెలలు దొరక్కుండా తిరిగి, అప్పుడు దొరికి ఉంటే ఏ రిజిస్టరు కాపాడేది? ఆ ఆలోచనకు ఆమె ఒళ్లు చల్లబడింది. ఇప్పుడే దొరికింది, బతికిపోయింది. ఇరవైసార్లు అడిగినా రాని జవాబు అడక్కుండానే వచ్చింది. అన్నాళ్లూ తన కూతురు ఎవరో పరాయి పిల్లలా కనిపించింది. ఇప్పుడు మళ్లీ తన బుడ్డి తన ముందు నిలబడి ముక్కు చీదుకుంటోంది. ఆమె పైటకొంగు అందించింది.

"వకీలమ్మ గారు ఇంకా లోపలే ఉంటారు. అవి ఎలా తిరిగివ్వాలో అడుగుదాం పద. నువ్వేం మాట్లాడకు, నేను చెప్తాను."

"వద్దు. ఈసారి నేనే చెప్తాను" అంది బుడ్డి, తల్లి కంటే ముందు మెట్లెక్కుతూ.