పదకొండేళ్ళ రూటు

పొద్దున్నే ఆరున్నరకి సత్యం వాకింగ్‌కి బయల్దేరితే, కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లోని ఆ వీధిలో నాలుగు గరాజ్ తలుపులు కిందకి దిగుతాయి. కోపమేం కాదు. చెయ్యి ఊపుతారు, "గుడ్ మార్నింగ్ అన్నా" అంటారు, బటన్ నొక్కుతారు.

సత్యం దేన్ని చూసి కుళ్ళుకుంటే అది ఆగిపోతుంది. అంతే. కిందటేడు పక్కింట్లోకి కొత్తగా వచ్చిన ప్రణీత పెరట్లో ఫౌంటెన్ పెట్టించుకుంది. గృహప్రవేశం రోజు సత్యం పులిహోర ప్లేటుతో దాని ముందు ఒక్క నిమిషం నిలబడ్డాడు. నీళ్ళు గాల్లో ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మూడ్రోజులు పిల్లలు వాటి మీద తడి సాక్స్ ఆరేసుకున్నారు. నాలుగో రోజు ప్రణీతకి వాటర్ బిల్లు ఎంతొచ్చిందో విని సత్యానికి జాలేసింది. నీళ్ళు దభీమని కిందపడ్డాయి.

అందుకే తోడల్లుడు వాసు కారు కొన్న సంగతి అతనికి వారం తర్వాత తెలిసింది. అదీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో చూసి. లివర్‌మోర్ గుడి ముందు వాసు, వాసు భార్య లీల, పూజారి, టైరు కింద నిమ్మకాయ. టైరు పైన ఉండాల్సిన కారంతా కనపడకుండా పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మలు అంటించారు.

"ఏం కారు?" అన్నాడు సత్యం.

"చూడ్డానికి పాతకాలం మోడల్, టాప్ లేదు, లోపలంతా కొత్తది. వీ-ఎయిట్ ఇంజన్ అంట," అంది గిరిజ దోశ తిరగేస్తూ. లీల ఆమె చెల్లెలు. "షిప్‌లో వేసి యూరప్ పంపిస్తున్నారు. లండన్ నుంచి రోమ్ దాకా తోలతారంట. నెలంతా."

సత్యం దోశముక్క చట్నీలో ముంచి అలాగే ఉంచేశాడు.

"ఏ రూటు?"

గిరిజ పెనం మీద ఇంకో దోశ పోసింది.

ఆ రూటు సత్యానిది. పదకొండేళ్ళ కిందట, రెండు జంటలూ ఒకే అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్న రోజుల్లో, ఆదివారం ఆదివారం కూర్చుని ఎక్సెల్ షీట్‌లో కట్టుకున్నాడు. ఏ కొండ దారిలో ఎన్ని మలుపులు, ఎక్కడ పడుకోవాలి, ఏం తొడుక్కోవాలి, అన్నీ. వాసు పక్కన కూర్చుని వేయించిన పల్లీలు తినేవాడు. తర్వాత వాసు సిటిజన్ అయిపోయాడు. సత్యం గ్రీన్ కార్డ్ లైన్లోనే ఉన్నాడు. పాస్‌పోర్ట్‌లో వీసా ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. దేశం దాటితే కొత్త వీసా స్టాంపింగ్‌కి వెళ్ళాలి, మళ్ళీ రానిస్తారన్న గ్యారంటీ లేదు. అందుకని సెలవులొస్తే గంటన్నర దూరంలో ఉన్న శాక్రమెంటో వెళ్ళొస్తాడు.

ట్రిప్ మొదలయ్యాక లీల రోజూ పొద్దున ఏడింటికి వీడియో కాల్ చేసేది. అక్కడ సాయంత్రం. ఆకాశం చూపించేది, రొట్టె చూపించేది, ఆవులు చూపించేది.

"బావగారూ, కారు మాత్రం అడక్కండి," అనేది నవ్వుతూ.

చూపించకపోతేనేం, వినపడుతుందిగా. గ్రైండర్లో గులకరాళ్ళు వేసి తిప్పినట్టు ఆ ఇంజన్. సత్యం కాఫీ చల్లారిపోయేది. శబ్దం మీద అతని కన్ను పనిచెయ్యదు.

పన్నెండో రోజు వాళ్ళు ఇటలీలో స్టెల్వియో కొండ దిగుతున్నారు. వాసు గొంతు వినిపించింది.

"అన్నయ్యా, నీ షీట్‌లో నలభై ఆరు మలుపులని రాశావ్. ఇక్కడ నలభై ఎనిమిది. కరెక్ట్ చేసుకో."

సత్యం కాఫీ కప్పు కింద పెట్టాడు. చెవి రిక్కించాడు. "ఇంజన్ సౌండ్ రావట్లేదేంటి?"

"దిగుడేగా, న్యూట్రల్‌లో వదిలేశా. మన చేతక్ స్కూటర్ మీద ఘాట్ రోడ్డు దిగేవాళ్ళం చూడు, అట్లా. పెట్రోల్ మిగుల్తుంది."

"పిచ్చా నీకు? గేర్లో వెయ్యి. బ్రేకులు కాలిపోతాయ్."

"తోలకుండానే నీకన్నీ తెలుసు."

రెండు మలుపులు దాటారు. తర్వాత లీల, "ఏంటీ కాలిన వాసన?" అంది. ఆ తర్వాత వాసు గొంతు మారింది.

"బ్రేక్ నేల దాకా పోతోంది. గేరు పడట్లేదు అన్నయ్యా. హ్యాండ్ బ్రేక్ కూడా..."

"బావగారూ, చూడండి," అంది లీల. "కారు చూడండి."

కెమెరా తిరిగింది. ఆకుపచ్చ బానెట్, దాని మీద అడ్డంగా తోలు బెల్టు, గుండ్రటి లైట్లు. సత్యం కళ్ళార్పకుండా చూశాడు. ఏం కాలేదు. చెట్లు ఇంకా వేగంగా వెనక్కి పోతున్నాయి. అతనికి కడుపు నిండా భయమే. కుళ్ళుకి చోటెక్కడిది?

గిరిజ స్టవ్ ఆపేసింది. ఇరవయ్యేళ్ళుగా "పోనీలే, మనకీ వస్తుందిలే" అంటూ అతన్ని చల్లార్చిన మనిషి, ఫోను లాక్కుని అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"అది నీ రూటు. వాడు ప్రింట్ తీసుకుని పోయాడు, నీకో మాట చెప్పలేదు. మలుపులు తప్పని నవ్వాడు. నువ్వు శాక్రమెంటో చూడు, వాడు ఆల్ప్స్ చూస్తాడు. వాడి చేతులు చూడు. ఏం తొడుక్కున్నాడు?"

గ్లవ్స్. వేళ్ళ కణుపుల దగ్గర చిల్లులున్న గోధుమరంగు తోలు గ్లవ్స్. షీట్‌లో ఆఖరి లైను. పక్కన బ్రాకెట్లో 'సత్యంకి' అని ఉండేది.

కడుపులోంచి వేడిగా ఏదో కళ్ళలోకి పాకింది.

కారు ఆగిపోయింది. ముందు చక్రం ఒకటి రోడ్డు అంచు దాటి గాల్లో ఉంది. లీల మెడలో స్కార్ఫ్ వెనక్కి ఎగిరి, ఇస్త్రీ బల్లలా అలాగే నిలబడిపోయింది. స్టీరింగ్ వదలకుండానే వాసు అన్నాడు, "అన్నయ్యా."

కారుని క్రేన్‌తో ఎత్తారు, షిప్‌లో వేశారు. రెండు నెలలకి ఓక్లండ్ పోర్టులో దిగింది. మెకానిక్ కొత్త బ్రేకులు వేశాడు, ఇంకే లోపమూ లేదన్నాడు. చక్రం మాత్రం తిరగలేదు. సీటుకి చిక్కుకున్న స్కార్ఫ్ ఇంకా అడ్డంగానే ఉంది. ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద తెచ్చి సత్యం డ్రైవ్‌వేలో దింపారు.

"నీకేమన్నా తగ్గిందా?" అన్నాడు వాసు.

"ట్రై చేస్తున్నా. ఆ గ్లవ్స్ గుర్తొస్తే మళ్ళీ మొదలవుతోంది," అన్నాడు సత్యం నిజాయితీగా.

లీల మొగుడి చేతిలో పెన్ను పెట్టింది. "సొంతదాన్ని చూసి ఎవరూ ఏడవరు. బావగారి పేరు మీద రాసెయ్యండి. బతికున్నాం, చాలదా?"

వాసు బానెట్ మీద పింక్ స్లిప్, అంటే కారు ఓనర్‌షిప్ కాయితం, పెట్టి సంతకం చేశాడు. చివరి అక్షరం దగ్గర కాస్త ఆగాడు. పెన్ను పైకి లేవగానే స్కార్ఫ్ మెత్తగా సీట్లో పడింది.

గ్లవ్స్ కూడా ఇచ్చేశాడు. సత్యం తొడుక్కుని తాళం తిప్పాడు. గ్రైండర్లో గులకరాళ్ళు తిరిగాయి. గిరిజ పక్కన కూర్చుంది. వీధిలో నాలుగు గరాజ్ తలుపులూ తెరిచే ఉన్నాయి, అందరూ బయటికొచ్చి చూస్తున్నారు.

వీధి చివర ఇంజన్ ఒకసారి దగ్గింది.

"ఏమైంది?" అంది గిరిజ.

సత్యం అద్దంలోకి చూశాడు. ఖాళీ డ్రైవ్‌వేలో వాసు, వట్టి చేతులతో, కళ్ళార్పకుండా చూస్తూ. గబుక్కున మలుపు తిప్పేశాడు.

వెనకాల ప్రణీత వాసుకి చెయ్యి ఊపింది, "గుడ్ మార్నింగ్ అన్నా" అంది, బటన్ నొక్కింది.