మనిషికో బార

తెల్లవారగానే కాఫుయి రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి, గుడ్డు ఆకారంలో చేసిన తెల్లమట్టి ఉండలను పేర్చుకునేది. అక్రా నగరంలో అది ఆమెకు ఇరవయ్యేళ్ల అలవాటు. ఆ ఉండలను గర్భిణులు కొరుక్కుతినేవారు. జబ్బు నుంచో, జైలు నుంచో బయటపడినవారి మణికట్టుకు అయినవాళ్లు అదే మట్టిని నీళ్లలో రంగరించి పూసేవారు.

ఆ రోడ్డు మీద ఎవరైనా వాహనం కింద పడి చనిపోతే, మర్నాటికి రోడ్డు ఒక బార వెడల్పయ్యేది. పాదచారుల వంతెన కోసం మనుషులు వచ్చి కొలిచి వెళ్లేవారు; ఇనుము వచ్చేసరికి రోడ్డు మరో రెండు బారలు పెరిగి ఉండేది. అవతలి ఒడ్డు అందక వంతెన గాలిలోనే ఆగిపోయింది. కాఫుయి కాపురానికి వచ్చిన కొత్తలో నలభై అంగల్లో దాటిన రోడ్డు ఇప్పుడు తొంభై అంగలు. అందులో ఒక బార ఆమె భర్త అగ్బెకోది. అది ఏ బారో ఆమె ఎన్నడూ వెతకలేదు.

ఆ ఉదయం కూతురు సెఫాకోర్‌కు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, ఇంట్లో కాన్పు పనికిరాదని ముందే చెప్పారు. ఆసుపత్రి అవతలి ఒడ్డున కనబడుతూనే ఉంది. టాక్సీలో చుట్టూ తిరిగి వెళ్లాలంటే ఒక పూట పడుతుంది. తల్లీకూతుళ్లు రెండుసార్లు రోడ్డు మీదికి దిగి, రెండుసార్లూ వెనక్కి వచ్చారు.

"నేను పరుగెత్తలేనమ్మా."

"పరుగెత్తమని ఎవరన్నారు? కూర్చో."

కాఫుయి రోడ్డు వైపు తిరిగింది. పోయినవాళ్లెవరూ అవతలికి చేరలేదు. చేరలేదు కనుకనే రోడ్డు వాళ్లను మోస్తూ పెరుగుతోందేమో. "వాళ్లనూ దాటిస్తాను" అంటూ ఉండలన్నీ బకెట్లో వేసి చిదిమింది.

పక్కన మొక్కజొన్న ముద్దలు అమ్మే ముసలి మాన్సా కంగారుపడింది. "బతికి బయటపడ్డవాళ్లకే కదే ఆ మట్టి? చచ్చినవాళ్లకు పూస్తే తప్పు."

"ఆ తప్పేదో నాకే తగలనీ పిన్నీ. నువ్వు నీళ్లు పొయ్యి."

రోడ్డు అంచున మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో ఒక తెల్లటి చార గీసి, అక్కడ పోయినవాళ్లలో ఒకరి పేరు పలికింది. "ఎలోమ్, నువ్వు దాటేశావు. ఇంక పద." రోడ్డు ఒక బార తగ్గింది.

మినీబస్సు డ్రైవరు తల బయటపెట్టాడు. "అమ్మకం లేక మట్టిని రోడ్డుకు తినిపిస్తున్నావా అమ్మా?"

"దానిదీ కడుపుతో ఉన్నదాని ఆకలే నాయనా. తిననీ."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. తెల్లమట్టిని తొక్కుతూ పోవడానికి మనసొప్పక ఇంజను ఆపేశాడు. వెనక హారన్లు మోగాయి, తిట్లు లేచాయి. బండ్లు మాత్రం కదలలేదు. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క చార. ఆమె వెనకే సెఫాకోర్ పొట్ట పట్టుకుని నడిచింది.

చివరికి పిడికెడు మట్టి, ఒక్క పేరు మిగిలాయి. ఆ పేరు పలికితే ఆయన నిజంగానే వెళ్లిపోతాడు. కాఫుయి చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది. వెనక కూతురు మూలిగింది.

"ఏమయ్యా, నువ్వూ దాటావు. బిడ్డ వస్తోంది, దారి వదులు."

తలెత్తేసరికి ఎదురుగా ఆసుపత్రి గేటు ఉంది.

సాయంత్రానికి చారలన్నీ చక్రాలకు అంటుకుపోయాయి. ఆసుపత్రిలో మనవరాలిని ఒళ్లో వేసుకున్న కాఫుయి, గోళ్లలో మిగిలిన మట్టిని తడిచేసి పసిదాని మణికట్టుకు రాసింది. కిటికీ బయట బ్రేకులు కీచుమన్నాయి. బండ్లు తిరిగి కదిలిన చప్పుడు వినబడేదాకా ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

బిడ్డను చూడవచ్చిన మాన్సా ముందుకు వంగింది. "కళ్లైనా తెరవలేదు. అప్పుడే ఏ గండం గడిచిందని పూస్తున్నావే?"

"రోడ్డు దాటింది" అంది కాఫుయి.