దించెయ్ తమ్ముడూ

శోభారాణి పోయి ఏడాదయింది. ఆ సాయంత్రమే రేపల్లె సమాధుల దొడ్లో జ్ఞాపకార్థ కూడిక. ఈలోగా తెనాలిలో చెక్కించిన సమాధి రాయి అక్కడ నిలబడాలి. "నీవల్ల కాకపోతే చెప్పు బావా, మా చెల్లికి రాయి నేను వేయిస్తా," అని ఆమె అన్న జ్ఞానానందం నలుగురిలో అన్న మాట బాలస్వామికి ముల్లులా గుచ్చుకునే ఉంది. అందుకే పట్టుబట్టి రాయి అడుగున 'భర్త బాలస్వామి, కుమారుడు నిఖిల్' అని చెక్కించాడు.

ట్రాలీ ఆటో మాట్లాడదామంటే నిఖిల్ మొహం చిట్లించాడు. "అమ్మ రాయి ఆటోలోనా? నా కార్లో తీసుకెళ్దాం."

ఆ కారు సంగతి చెప్పాలి. ఎర్రటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది. దానికి బాపట్లలో స్ప్రింగులు మార్పించి, పొదిగే కోడిపెట్టలా నేలకు కరిపించాడు. శోభారాణికి ఆయాసం ముదిరిన రోజున, "కాలవ కట్ట మీద కారు అడుగు తగులుద్ది నాన్నా," అన్నాడు. కారు గుమ్మం కదల్లేదు. ఆమె ఆటోలో కుదుపులు తింటూ ఆసుపత్రికి పోయింది, మళ్లీ రాలేదు. అమ్మకు రాని కారు రాయికైనా వస్తానంది, పోనీలే అనుకున్నాడు తండ్రి. కన్నవాడి ఆశకు సిగ్గుండదు.

పాత బొంత పరిచి, నలుగురు మనుషులు ఆ నల్లరాతి పలకను కారు టాప్ మీదికెత్తారు. కిటికీల్లోంచి తాళ్లు లాగి కట్టారు. కారు మూలిగింది. నిఖిల్‌కి అనుమానమొచ్చి, స్ప్రింగులు బిగించిన హనుమయ్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"టాప్ మీద రాయా? అమ్మో! దించెయ్ తమ్ముడూ, ముందు దించెయ్!" అన్నాడు హనుమయ్య. లైను తెగిపోయింది.

ఈ కార్ల పిచ్చోళ్ల భాషలో దించడమంటే కారును ఇంకా నేలకు దగ్గర చేయడం. నిఖిల్ జాకీ వేసి, స్ప్రింగులు తిప్పి, కారును మరో రెండు వేళ్లు దించాడు.

'రాయిని దించమన్నాడేమోరా' అన్న మాట బాలస్వామి నాలిక చివరిదాకా వచ్చింది. అంటే వాడు తాళాలు విసిరికొట్టి పోతాడు. మింగేశాడు. ఆసుపత్రి రోజునా ఇలాగే మింగాడు.

భట్టిప్రోలు దాటాక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అడుగు తగలకుండా అలవాటు ప్రకారం నిఖిల్ కారును ఏటవాలుగా ఎక్కించాడు. కారు ఒక పక్కకు ఒరిగింది, ముందు భాగం రోడ్డును గీసింది, తాళ్లు జారాయి. రాయి దబ్బున కిందపడి రెండు ముక్కలైంది. ఒక ముక్క మీద 'శోభారాణి', రెండో ముక్క మీద 'ప్రభువునందు నిద్రించెను'.

బాలస్వామి దిగి ముక్కల పక్కనే రోడ్డు మీద కూర్చున్నాడు. నిఖిల్ దిగి, తిన్నగా కారు ముందుకెళ్లి, వంగి అడుగున తడిమి చూశాడు.

"బంపర్ పోయింది నాన్నా. ఇది దొరకడం ఎంత కష్టమో తెలుసా?"

రాయి వైపు వాడింకా చూడనే లేదు. తన కడుపున పుట్టినవాడి మీద బాలస్వామికి మొదటిసారి అసహ్యం పుట్టింది. వెనకాలే, తన మీద తనకు అంతకు రెట్టింపు పుట్టింది. ఫోన్ తీసి జ్ఞానానందానికి చేశాడు.

"బావా, రాయి నువ్వే వేయించు. కింద నీ పేరొక్కటే చెక్కించు. మా ఇద్దరి పేర్లూ వద్దు."

"అదేంటి బావా, నీది కూడానా?" అన్నాడు జ్ఞానానందం.

"ముందు నాదే వద్దు."